ఆరో పొట్లం

ఫిబ్రవరి 9

పొద్దున లేచేసరికి కుడి కన్ను తెరుచుకోలేదు. అద్దంలో చూసుకుంటే ఎవరో గుద్దినట్టుంది. మా ఆయన కాఫీ గ్లాసు చేతికిస్తూ, "నేను కాదని పక్కింటివాళ్లకి నువ్వే చెప్పు తల్లీ" అన్నారు. నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు మాత్రం పది నిమిషాలు ఆగలేదు.

జలుబే. నిన్న ఏడు చెక్క గిన్నెలకి ఉప్పుకాగితం పట్టాను. ఆ దుమ్ములో ఎవరికైనా దగ్గొస్తుంది.

ఫిబ్రవరి 11

జలుబే.

ఫిబ్రవరి 16

ఆదివారం క్లాసు. పదకొండు మంది వచ్చారు. అందులో తొమ్మిది మందికి చెక్కని గిరగిరా తిప్పే లేత్ మిషన్ అంటే భయం, ఇద్దరికి భయం లేదు. ఆ ఇద్దర్నే కనిపెట్టుకుని ఉండాలి.

చేతికి ఉలి ఇచ్చేముందు ఎప్పుడూ చెప్పే కథ చెప్పాను. "మా నాన్నకి ఇద్దరు కూతుళ్లు. లేత్ స్విచ్ వేశారంటే చాలు, పెద్దదానికి తుమ్ములు. ఉలి పట్టమంటే కళ్లమ్మట నీళ్లు. ఒకరోజు మొహానికి నాన్న తువ్వాలు చుట్టుకుని బందిపోటులా వచ్చి నిలబడింది. నేను దొంగ, దొంగ అని అరుస్తూ వీధి చివరిదాకా పరిగెత్తాను. ఆ దెబ్బతో తువ్వాలు మానేసింది, పనీ మానేసింది. అలా మా నాన్నకి పనికొచ్చింది నేనొక్కత్తినే." ఇరవై ఏళ్లుగా ఇదే కథ, ఇదే చోట నవ్వు. నవ్వితే వాళ్ల భుజాలు కిందికి దిగుతాయి. భుజాలు దిగాకే ఉలి ఇవ్వాలి. బిగిసిన చేతికి ఇస్తే చెక్కని పొడుస్తారు.

ఇవాళ బందిపోటు దగ్గరికి రాగానే నాకు దగ్గు తెర వచ్చి కథ మధ్యలో ఆగిపోయింది. అయినా నవ్వారు. చివరి బల్ల దగ్గర ఒకావిడ మాత్రం మాస్కు తియ్యలేదు. ఆసుపత్రిలో నర్సట. "తియ్యమ్మా, నువ్వు చెప్పేది నాకు వినపడదు" అన్నాను. "పర్లేదు మేడం, గట్టిగా చెప్తాను" అంది. ఒళ్లు మండింది. నాన్న నలభై ఏళ్లు మాస్కు లేకుండానే పనిచేశాడు.

ఫిబ్రవరి 20

ఆయన పోరు పడలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా గోళ్ల కింద చూసి, "ఇది జలుబు కాదండీ. మీకేదో చెక్క పడట్లేదు. వాడే ప్రతి చెక్క పొడీ విడివిడిగా పొట్లం కట్టి తీసుకురండి. వీపు మీద అంటించి చూద్దాం. ఎన్ని రకాలు వాడతారు?" అంది.

"ఐదు" అన్నాను.

టేకు, మామిడి, చింత, వాల్‌నట్, మేపుల్. ఆరోది ఉంది. కానీ దాన్ని ఇందులో కలపక్కర్లేదు. నాన్న నల్లచెక్క అది. రోజ్‌వుడ్. షాపు వెనక టార్పాలిన్ కింద నాన్న పేర్చిపెట్టి పోయిన దుంగలు. పదకొండేళ్లు ముట్టుకోకుండా దాచుకుని, ఏప్రిల్‌లో పెద్ద ఎగ్జిబిషన్ ఉందని మొన్న నవంబరులో తీశాను. ఇరవై నాలుగు నల్ల గిన్నెలు, ఇవి మా నాన్న చెక్కతో చేసినవి అని చెప్పుకోవాలని. పదహారు అయిపోయాయి. ఇంట్లోవాడిని ఎవరైనా అనుమానిస్తారా?

ఫిబ్రవరి 24

ఐదు పొట్లాలూ ఏప్రన్ జేబులో వేసుకుని వెళ్లాను. షాపులోంచి అటునుంచటే వెళ్లడంతో ఏప్రన్ తియ్యడం మర్చిపోయాను. ఆసుపత్రిలో అందరూ నన్నే చూశారు. నాన్నది, మందపాటి గుడ్డ, ముందంతా నల్లగా మెరుస్తుంది. పదకొండేళ్లుగా ఉతకలేదు. ఉతికితే వాసన పోతుంది.

డాక్టరమ్మ ఆ పొడులు పెట్టి నా వీపు మీద ఐదు చతురస్రాల పట్టీలు అంటించింది. రెండ్రోజులు స్నానం వద్దంది. ఆయన చూసి, "పోస్టులో పంపించేద్దామా ఎక్కడికైనా? స్టాంపులు అంటించే ఉన్నాయి" అన్నారు.

ఫిబ్రవరి 26

ఐదూ ఎర్రబడ్డాయి.

డాక్టరమ్మ కూడా తికమకపడింది. ఇలా అన్నీ పడకపోవడం తనెప్పుడూ చూడలేదట. "అన్నీ పడట్లేదంటే మరి... వేరే ఏదైనా పని ఆలోచించుకోండి" అంది. ఎంత తేలిగ్గా అందో. గిన్నె పక్కన పెట్టి చెంబు తీసుకోండి అన్నట్టు.

ఫిబ్రవరి 27

అన్నీ.

మార్చి 2

అర్థం కావట్లేదు. మేపుల్ పడకపోవడం ఏమిటి? పసిపిల్లల గిలక్కాయలు చేస్తాం దాంతో. పోనీ చెక్క కాదేమో, పాలిష్ నూనె అనుకుని నూనె మార్చాను. జిగురు మార్చాను. దిండు మార్చాను. చివరికి ఆయన తలకి రాసుకునే నూనె సీసా తీసి బయట పెట్టాను. "మిగిలిన పాతిక వెంట్రుకలు, వాటి మీద కూడా పడ్డావా?" అని సీసా మళ్లీ లోపల పెట్టారు. నేను అరిచాను. అరిస్తే దగ్గు. వెనక్కి తిరిగి నవ్వుతున్నారేమో అనుకుంటే కళ్లు తుడుచుకుంటున్నారు. భయపడుతున్నారని అప్పుడు తెలిసింది. నాకూ భయంగానే ఉంది. యాభై రెండేళ్లు వచ్చాక నేను ఇంకేం పని నేర్చుకోను?

నల్లగిన్నెలు పదిహేడు.

మార్చి 7

వ్యాన్‌లో ఐదు గంటలు. చిన్న ఎగ్జిబిషన్, మూడ్రోజులు. సగం దారిలో గుర్తొచ్చింది, ఏప్రన్ షాపులో కొక్కేనికే ఉండిపోయింది. వెనక్కి తిప్పమన్నాను. ఆయన తిప్పలేదు. ఆయన పాత చొక్కా ఒకటి వేసుకున్నాను. బట్టల్లేకుండా వచ్చినట్టుంది.

మార్చి 9

విచిత్రం. రెండ్రోజులుగా టెంట్‌లో నిలబడి జనం ముందు టేకు తిప్పాను, మామిడి తిప్పాను, ఒంటినిండా పొట్టే. ఒక్క తుమ్ము లేదు. లాడ్జిలో కిటికీ కూడా లేదు, అయినా పసిపిల్లలా నిద్రపోయాను.

అయితే తప్పు ఇంటిది. గోడల్లో చెమ్మ ఉండి ఉంటుంది. ఆయనకి చెప్తే, "నేను మాత్రం నీతోనే ఉన్నాను కదా. నా మీద అనుమానం వదిలేసినట్టేనా?" అన్నారు. వదిలేశానన్నాను. చాలా సంతోషించారు.

మార్చి 11

ఇల్లు చేరాక హాల్లో కూర్చున్నాను, బాగానే ఉంది. వంటింట్లో బాగానే ఉంది. షాపులోకి వెళ్లి ఏప్రన్ కట్టుకున్నాను. అరగంటకి కళ్లు.

ఇల్లు కాదు, షాపు. షాపు కప్పు రేకులు మార్పించాలి.

మార్చి 16

క్లాసు. ఏం జరిగిందో జరిగినట్టు రాస్తాను. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

కథ చెప్పాను. తుమ్ములు, కన్నీళ్లు, బందిపోటు, పనికొచ్చింది నేనొక్కత్తినే. నవ్వారు. ఆ నర్సు చెయ్యెత్తింది.

"మేడం, మీ అక్కగారికి ఏ చెక్కతో వచ్చేది అలాగ?"

"చెక్క కాదమ్మా, పని అంటే వచ్చేది" అన్నాను. మళ్లీ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. "తుమ్ములు నటించొచ్చు మేడం. కళ్లు వాచడం నటించలేరు. వాచేవా?"

వాచేవి. పొద్దున్నే అక్క తడిగుడ్డ కళ్ల మీద వేసుకుని గుమ్మంలో కూర్చునేది. నేను జడ వేయించుకోవడానికి వెళ్తే, చూడకుండానే వేసేది.

"మా నాన్న దగ్గర అప్పట్లో ఒక్క చెక్కే ఉండేది" అన్నాను. పైకే అన్నాను. ఎవరికి చెప్తున్నానో తెలియలేదు. నేను గబగబా ఉలులు పంచేశాను. ఎవరి భుజాలూ దిగలేదు. ఒకాయన చెక్క పగలగొట్టాడు.

వెళ్తూ వెళ్తూ ఆ నర్సు నా ఏప్రన్ వైపు చూసింది. "ఇది ఎప్పుడు ఉతికారు మేడం?"

"ఉతకను."

"పొట్లాలు దేంట్లో పెట్టుకుని వెళ్లారు?" క్లాసులో దగ్గినప్పుడల్లా ఐదు పొట్లాల సంగతి అందరికీ చెప్పి ఏడ్చింది నేనేగా.

పనుందన్నాను.

మార్చి 17

ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి అందరూ రోగుల్లాగే కనిపిస్తారు.

మార్చి 18

షాపులోకి వెళ్లలేదు. అక్క గుర్తొస్తోంది. పదిహేనేళ్లకి నాన్న ఆమెని కుట్టుపని నేర్చుకోమని పిన్ని వాళ్ల ఊరు పంపించాడు. "దీనికి చెక్క పట్టదు" అన్నాడు. ఆమె పెట్టె మోస్తూ నేను బస్సు దాకా వెళ్లాను. లేత్ ఇక నాదే అని ఎంత సంబరపడ్డానో. ఇప్పుడు అక్కకి సొంత టైలరింగ్ షాపు ఉంది. మేం మాట్లాడుకుంటాం, మాట్లాడుకోమని కాదు. ఎవరైనా పోతే, ఎవరికైనా పెళ్లయితే.

ఆరేళ్ల కిందట నా ఎగ్జిబిషన్‌కి వచ్చింది. స్టాల్ బల్లకి పరవమని గుడ్డ కుట్టి తెచ్చింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను. లోపలికి రావే అంటే, "ఇక్కడ గాలి బావుంది" అని టెంట్ బయటే నిలబడింది. నేను చూసీ చూడనట్టు కథ మొదలుపెట్టాను. నోరు అలవాటు పడిపోయింది. ఆపలేదు. బందిపోటు దగ్గర అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

ఆ నవ్వు చూసి, అబ్బ, ఏమీ అనుకోలేదు అని డైరీలో రాసుకున్నాను. ఇవాళ వెతికి చూశాను. అలాగే రాసి ఉంది.

మార్చి 20

ఆయనకి అంతా చెప్పాను. ఒక్క మాట అనకుండా కొత్త చెంచాలు ఆరు, మూతలున్న సీసాలు ఆరు కొనుక్కొచ్చారు. నన్ను హాల్లో కూర్చోబెట్టి, తనే షాపులోకి వెళ్లి, దేనికి దానికి చేతులు కడుక్కుంటూ దుంగల్లోంచే కొత్తగా పొడి తీసి నింపారు. ముప్పై ఏళ్లలో ఆ మనిషి చెక్కపొడిని ముట్టుకోవడం ఇదే మొదటిసారి. ఆరో సీసా మీద పేరు రాయలేదు. "దీనికి నువ్వు రాయి" అన్నారు.

నల్లచెక్క అని రాశాను. మొదటి సీసా నుంచి ఐదో దాకా చేతిరాత ఒకటి, ఆరోదాని మీద ఇంకొకటి. సాయంత్రమే డాక్టరమ్మ వీపు మీద ఆరూ అంటించింది.

మార్చి 21

ఆరో చతురస్రం మండుతోంది. మిగతావి ఉన్నాయో లేవో కూడా తెలియట్లేదు. ఆయన్ని చూడమనలేదు. ఆయనా చూస్తాననలేదు.

మార్చి 22

టేకు ఏం లేదు. మామిడి ఏం లేదు. చింత, వాల్‌నట్, మేపుల్, ఏమీ లేవు. ఆరోదాని దగ్గర బొబ్బ లేచింది. డాక్టరమ్మ, "ఇది మాత్రం జన్మలో ముట్టుకోకండి. మిగతావాటితో హాయిగా చేసుకోండి, మాస్కు పెట్టుకుని" అంది. ఏప్రన్ జేబులోని నల్లచెక్క పొడి ఐదు పొట్లాలకీ అంటిందని చెప్తే తల పట్టుకుంది.

పని పోలేదు. సంతోషపడాలి. వ్యాన్‌లో ఆయన పాట కూడా అందుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నాకు ఐదు చెక్కలు మిగిలాయి. అక్కకి ఒక్కటి కూడా చూపించలేదు ఎవరూ. అప్పట్లో అడిగితే నాన్న ఒక మామిడి ముక్క తెచ్చేవాడు కాదా? ఎవరైనా అడగాలి కదా. అక్క ఏడుస్తుంటే నేను వీధి చివరిదాకా పరిగెత్తాను. నాన్న మీద కోపం రావాలో, నా మీద రావాలో తెలియట్లేదు. నాన్న కట్టుకున్న ఏప్రన్ మీద మాత్రం రావట్లేదు.

మార్చి 23

అక్కకి ఫోన్ చేశాను. ఒక్కసారి మోగగానే కట్ చేశాను.

మార్చి 24

అలాగే.

మార్చి 25

పెద్ద ఎగ్జిబిషన్ వాళ్లు ఫోన్ చేశారు. బోర్డు మీద నా గురించి రెండు లైన్లు కావాలట. పోయినసారి రాసిందే ఉంది, అదే వేసేస్తాం అన్నారు. పోయినసారి రాసింది ఇది: తండ్రికి ఇద్దరు కూతుళ్లు, పనికొచ్చింది ఒక్కరే. వద్దన్నాను. మరి ఏం వెయ్యమంటారు? తెలీదన్నాను. నల్ల గిన్నెలు పదిహేడే ఇస్తానని, ఇక ఉండవని చెప్పాను. "ఎందుకండీ?" అంటే ఫోన్ పెట్టేశాను.

మార్చి 26

ఈసారి అక్కే చేసింది. "అటుమొన్నా మొన్నా నీ నంబరు వచ్చి పోయింది. ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదక్కా."

"మరి?"

ముందే రాసి పెట్టుకున్న మాటలన్నీ పోయాయి. "నాకు నల్లచెక్క పడట్లేదు" అన్నాను.

అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"కళ్లా, ఊపిరా?"

"రెండూ."

"కళ్లు నలపకు. నలిపితే ఇంకా వాస్తాయి. షాపులోంచి రాగానే తల కడుక్కో, లేకపోతే దిండుకి అంటుకుని తెల్లారేసరికి మళ్లీ మొదలు. బట్టలు వాకిట్లోనే విప్పెయ్. తడిగుడ్డ వేసుకో, మరీ చల్లగా వద్దు."

ఇవన్నీ డాక్టరమ్మ కూడా చెప్పలేదు. "నీకివన్నీ ఎలా తెలుసు?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో నోరు దాటాక తెలిసింది.

"ఏడేళ్లు పడ్డానుగా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పాను. నువ్వు నవ్వావు." మళ్లీ తనే, "ఎనిమిదేళ్లదానివి. ఆ వయసుకి నవ్వు రాక ఏడుపొస్తుందా?" అంది.

"యాభై రెండేళ్లు వచ్చినా నవ్విస్తూనే ఉన్నాను, అందర్నీ."

"ఆ. విన్నానుగా." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బావుండేది, కాళ్లు పట్టుకునేదాన్ని. ఆదివారం వస్తున్నానంది. మిషన్ మళ్లీ మొదలైంది.

మార్చి 30

అక్క వచ్చింది. సంచీలోంచి రెండు మాస్కులు తీసింది, మూడు పొరలు వేసి తనే కుట్టింది. నాకు డాక్టరమ్మ చెప్పిన పెద్దది ఉంది, ఏనుగు తొండంలా ఉంటుంది. అయినా దాని మీద అక్క కుట్టిందీ కట్టుకున్నాను. షాపు గుమ్మంలో ఇద్దరం కళ్లు మాత్రమే కనపడుతూ నిలబడ్డాం. ఇద్దరికీ లోపలికి అడుగు పడలేదు.

ఆయన అటుగా వచ్చి, "మా ఇంట్లో ఏమీ లేదు తల్లులారా, పక్కింటికి వెళ్లండి" అన్నారు. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దుంగలకి, గిన్నెలకి ఆయన ముందే ప్లాస్టిక్ చుట్టి, షాపంతా తడిగుడ్డతో తుడిచి పెట్టారు. అక్క కొక్కెం దగ్గరికి వెళ్లి ఏప్రన్ చూసింది. "ఉతుకుదామా?"

"వాసన పోతుందక్కా. నాన్న..."

"ఉతికితే పోయేంత మనిషా నాన్న?" అని కర్రతో ఎత్తి బకెట్లో పడేసింది. నీళ్లు నల్లగా దిగాయి. నాలుగుసార్లు మార్చింది. నేను దూరంగా నిలబడి చూశాను. ఆఖరికి అది బూడిదరంగు గుడ్డ అని తెలిసింది. జేబు అంచున నాన్న పెన్సిల్‌తో వేసుకున్న గీతలు రెండు ఇంకా ఉన్నాయి.

తర్వాత లేత్‌కి మామిడి ముక్క బిగించాను. ఉలి అక్క చేతిలో పెట్టాను. తీసుకోదనుకున్నాను. తీసుకుంది. పట్టు మర్చిపోలేదు, బొటనవేలు నాన్నది ఎక్కడుండేదో అక్కడే ఉంది.

"భుజాలు దించు" అన్నాను.

"నాన్నలాగే వాగుతున్నావు" అంది.

స్విచ్ వేశాను. ముందు గరగరమంది, తర్వాత సన్నటి రిబ్బనులా పొట్టు లేచింది. అక్క కళ్లు చిట్లించి, మెడ వెనక్కి లాక్కుని కోస్తోంది. ఎందుకలా నిలబడిందో కాసేపటికి అర్థమైంది. తుమ్ము కోసం చూస్తోంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. తుమ్ము రాలేదు. కళ్లు వాచలేదు. గిన్నె సగం కూడా అవ్వలేదు, స్విచ్ తనే ఆపి, స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఇంతేనా?" అంది. "చెక్క మారిస్తే సరిపోయేదా?"

ఆమె మాస్కు తడిసిపోయింది. ఇంకొకటి ఇచ్చాను. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. సగం గిన్నె అక్కడే ఉంచమంది, మళ్లీ వచ్చి పూర్తి చేస్తుందట. ఎప్పుడో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఏప్రిల్ 2

లేత్ మీద సగం గిన్నె అలాగే ఉంది. నాకు పనుంది, దాన్ని తియ్యాలి. తియ్యట్లేదు.

ఏప్రిల్ 13

పెద్ద ఎగ్జిబిషన్. నల్లగిన్నెలు పదిహేడూ అద్దాల పెట్టెలో ఉన్నాయి, నేను అటు వెళ్లలేదు. బోర్డు మీద నా పేరు మాత్రమే ఉంది, కింద రెండు లైన్ల చోటు ఖాళీ. డెమోకి రెండొందల మంది దాకా కూర్చున్నారు. ఉతికిన ఏప్రన్ కట్టుకున్నాను. చిన్నదైపోయింది.

పోయిన పదిహేను రోజులుగా ఈ కథ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మైకు పట్టుకోగానే, నా నోటికేం పుట్టిందో, "మా నాన్నకి ఇద్దరు కూతుళ్లు" అనేసింది. అని ఆగిపోయింది. ముందు వరసవాళ్లు అప్పుడే నవ్వు మొహాలు పెట్టారు, విన్నవాళ్లు ఉంటారుగా. కథని అక్కణ్ణించి ఎటు తీసుకెళ్లాలో తెలియలేదు.

చివరి వరసలోంచి ఒక గొంతు. అక్క. వస్తానని చెప్పలేదు. మాస్కు కట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"చెప్పవే. తర్వాతేమైంది?"

చెప్పాను. "పెద్దదానికి మా నాన్న చెక్క పడేది కాదు. దుమ్ము ఆపుకోవాలని మొహానికి తువ్వాలు కట్టుకుంది. చిన్నది దొంగ, దొంగ అని అరిచి ఆ తువ్వాలు కూడా విప్పించింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు, పనికొచ్చింది నేనొక్కత్తినే అని ఊరూరా చెప్పుకుని తిరిగింది."

ఎవ్వరూ నవ్వలేదు. అక్క ఒక్కత్తే నవ్వింది.

నేను మాస్కు పెట్టుకుని స్విచ్ వేశాను.